సిలిండరు డబ్బులు

గ్యాసు సిలిండరు మోసుకొచ్చిన మనిషి దాన్ని గుమ్మంలో దించాడు. భుజం మీద తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇంట్లో ఉన్న మగమనిషి వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా ఎదురింటి తలుపు కొట్టాడు. ఎదురింటావిడ మడతపెట్టిన నోట్లు తెచ్చి ఇచ్చింది. మిగిలిన చిల్లర కూడా ఆవిడే పుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది.

కళ్లజోడు మార్పించుకుందామని నాలుగు రోజుల కిందట తమ్ముడి ఇంటికి వచ్చిన అక్కయ్య ఇదంతా కుర్చీలోంచి చూసింది.

“ఏంట్రా ఇది? మన సిలిండరుకి ఆవిడ డబ్బులివ్వడమేంటి?”

“మన డబ్బులేనక్కా. పొద్దున తను పనికెళ్తూ ఆవిడకిచ్చి వెళ్లింది.”

“నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా. ఇవాళ నీకు సెలవేగా.”

తమ్ముడు సిలిండరు దొర్లించుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయాడు.

అక్కయ్యకి ఒళ్లు మండిపోయింది. మందుల షాపులో బిల్లులు కొట్టే మరదలికి కట్టుకున్నవాడి కంటే ఎదురింటావిడ ఎక్కువైపోయిందన్నమాట.

వచ్చిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది. తమ్ముడు లేతు మిషను దగ్గర పొద్దస్తమానం నిలబడి ఇనుము చెక్కుతాడు. ఆ జీతం మరదలి ఖాతాలో పడుతుంది. అద్దె, కరెంటు, నీళ్లు, పాలు అన్నీ ఆవిడే కడుతుంది. అతనికి దక్కేది ఒక బస్సు పాసు, ఒక క్యారేజీ. జేబులో చిల్లిగవ్వ ఉండదు. బీరువా తాళంచెవి మరదలి మెడలో గొలుసుకి వేలాడుతుంటుంది, స్నానానికి వెళ్లినా తీయదు. ఆవిడ చేతిలో పెద్ద ఫోను, ఇతని చేతిలో బటన్లు అరిగిపోయిన డొక్కు ఫోను.

నిన్న సాయంత్రం మరీ దారుణం. అక్కాతమ్ముళ్లు అలా నడుచుకుంటూ వెళ్లి వీధి చివర కొట్టులో టీ తాగారు. అక్కయ్య పర్సు ఇంట్లో మరిచిపోయింది. “రేపిస్తాను” అన్నాడు తమ్ముడు. కొట్టువాడు ఖాళీ గ్లాసులు తీస్తూ గొణిగాడు.

“మీ ఆవిడగారు మీకు అప్పు పెట్టొద్దన్నారండీ.”

రెండు టీలకి ఆ మాట. అక్కయ్యకి తల తీసేసినట్టయింది. తనే గబగబా ఇంటికెళ్లి డబ్బులు తెచ్చి వాడి ముందు పడేసింది.

సొంత ఇల్లు అమ్మించి, ఈ రెండు గదుల అద్దె కొంపలోకి తెచ్చి పడేసింది కూడా ఈ మహాతల్లే. షాపు దగ్గరట. నాలుగడుగుల నడక తప్పుతుందని ఉన్న ఇల్లు అమ్ముకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? అప్పుడే నిలదీద్దామనుకుంది. తమ్ముడు వద్దన్నాడు కదా అని ఊరుకుంది.

“నీ కష్టార్జితం నువ్వు అడగవేంరా?” అంది వంటింట్లోంచి వచ్చిన తమ్ముడితో.

“నాకేం ఖర్చులున్నాయక్కా. అన్నీ తనే చూసుకుంటోందిగా.”

నోట్లో నాలుక లేనివాడు. చంకనేసుకుని పెంచింది వాణ్ణి. చెయ్యి పట్టి పలక మీద అక్షరాలు దిద్దించింది. అలాంటివాడు ఇప్పుడు టీకొట్టు ముందు తలదించుకుని నిలబడుతున్నాడు.

అక్కయ్య సంచీ తెరిచింది. కొత్త కళ్లజోడుకనీ, తన కుట్టుమిషనుకి మోటారు బిగించుకుందామనీ దాచుకున్న డబ్బు మొత్తం బయటికి తీసింది.

“నీ దగ్గర ఉంచుకో. దానికి చెప్పకు.”

తమ్ముడు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ వీపు వెనక పెట్టుకున్నాడు.

“వద్దక్కా.”

“తీసుకోరా.”

“నీకు దణ్ణం పెడతాను, నాకివ్వకు.”

నుదుటి మీద చెమట పట్టింది అతనికి. పెళ్లానికి ఇంతలా భయపడుతున్నాడా అని అక్కయ్యకి ఏడుపొచ్చింది, ఏడుపు మీద కోపమూ వచ్చింది. నోట్లు అతని చొక్కా జేబులో కుక్కి, పైనుంచి చేత్తో తట్టింది.

తమ్ముడు జేబు వంక చూసుకుంటూ కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత “ఇప్పుడే వస్తా” అని చెప్పులేసుకున్నాడు. గబగబా మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. పాపం, ఎన్నాళ్లకి జేబు నిండిందో, ఏ చొక్కానో కొనుక్కోవడానికి వెళ్లుంటాడనుకుంది అక్కయ్య. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆవిడ మనసు కాస్త కుదుటపడింది.

సాయంత్రం మరదలు వచ్చేసరికి కూడా అతను తిరిగి రాలేదు.

“ఆయనేరి వదినా?”

“బయటికెళ్లాడు. అందుకూ నీ దగ్గర చీటీ రాయించుకోవాలా?”

ఇక అక్కయ్య ఆగలేదు. సిలిండరు, టీకొట్టు, తాళంచెవి, డొక్కు ఫోను, అమ్మేసిన ఇల్లు, అన్నీ ఏకరువు పెట్టింది. “సంపాదన ఇద్దరిదైనప్పుడు పెత్తనం ఒక్కరిదేంటి? బిచ్చగాడికైనా నాలుగు డబ్బులు వేస్తారు. నువ్వు అదీ వెయ్యవు. అందుకే నేనిచ్చాను.”

అంతసేపూ తలవంచుకుని విన్న మరదలు ఆ చివరి మాటకి తలెత్తింది.

“డబ్బులిచ్చారా? ఎంత?”

“ఎంతైతే నీకేం? నా డబ్బు నా ఇష్టం.”

“ఎప్పుడెళ్లారు?”

“మధ్యాహ్నం కాకముందే. అన్నం కూడా తినలేదు.”

మరదలి భుజం మీది సంచీ జారి కింద పడింది. గొలుసు లాగి, తాళంచెవితో బీరువా తెరిచి, తలుపు లోపలివైపు అంటించి ఉన్న కాగితాన్ని వేలితో చూపించింది. తర్వాత మెట్ల వైపు పరిగెత్తింది.

అక్కయ్య పాత కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వెళ్లింది. తను దిద్దించిన గుండ్రటి అక్షరాలే. కింద తమ్ముడి సంతకం.

“నేనెంత బతిమాలినా, ఎంత ఏడ్చినా నా చేతికి పైసా ఇవ్వకు, నేను పేకాటలో ఇల్లు పోగొట్టిన సంగతి మాత్రం అక్కకి ఎప్పటికీ తెలియనివ్వకు.”