రెండో అద్దం

"దిగరా వెధవా! పెళ్ళాన్ని కారు కింద దేకించి నువ్వు దొరలా లోపల కూర్చుంటావా?"

పక్కింటి ముసలాయన గవ్రీల్ పిడికిలితో కారు తలుపు మీద దబదబా బాదాడు. లోపల ఎర్చిమ్ కదల్లేదు. తోలు టోపీ కళ్ళ మీదికి దిగిపోయి ఉంది, గడ్డం కోటు కాలర్లో కూరుకుపోయి ఉంది. వాడి చెంప మీది పాత గాటు కూడా అద్దంలోంచి శుభ్రంగా కనబడుతోంది.

"వద్దు బాబాయ్!" కారు కింద నుంచి నరియా పాక్కుంటూ బయటికొచ్చింది. ఇంజన్ అడుగున గడ్డకట్టిన నూనెని కరిగించే మంట గొట్టం ఆమె చేతిలో బుస్సుమంటోంది. "నిన్న తాగినదే. నేనే ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టాను. కదిలించకండి."

ముసలాయన ఆమె మొహం చూశాడు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చీలిన పెదవి మీద నెత్తురు నల్లగా గడ్డకట్టింది. చేతి తొడుగుల మీద కూడా నెత్తురే.

నిన్న సాయంత్రమంతా పక్కింటి గోడ అవతల నుంచి ఆయన విన్నాడు. బల్ల విరిగింది. గిన్నెలు పగిలాయి. "చంపి పాతరేస్తానే నిన్ను!" అని వాడి అరుపులు, ఈ పిల్ల ఏడుపు. చివరికి ధనామని ఒక్క చప్పుడు, ఆ తర్వాత అంతా సద్దుమణిగింది. వాడు అలిసిపోయి పడుకున్నాడనుకున్నాడు గవ్రీల్. రెండేళ్ళ కిందట అడ్డం వెళ్ళినందుకు వాడు ఆయన ముంజెయ్యి విరిచాడు. అప్పట్నుంచీ ఆయన చేసేదల్లా గోడ దగ్గర కూర్చుని వినడమే. తలుచుకుంటే తన మొహాన తనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

"వాళ్ళమ్మ దగ్గరికి. లేనా నది అవతలికి."

"సున్నాకి యాభై మూడు కింద ఉంది చలి! ఈ మృగాన్ని వేసుకుని ఒక్కదానివే వెళ్తావా? దారిలో మత్తు దిగితే నిన్ను మంచులోకి తోసేసి పోతాడు."

"అంత తొందరగా దిగదులే బాబాయ్."

చెప్పినా వినేలా లేదు. కనీసం కారైనా దారిలో మొరాయించకుండా చూద్దామనుకున్నాడు గవ్రీల్. నలభై ఏళ్ళు ఈ మంచు దార్ల మీద లారీ తోలిన మనిషి. పొయ్యి పక్కన వెచ్చబెట్టిన బ్యాటరీని ఇంట్లోంచి మోసుకొచ్చి బిగించాడు. రేడియేటరు ముందు అట్ట దోపాడు. ఇంజన్ మీద మందపాటి ఉన్ని దుప్పటి కప్పాడు. టేపు చలికి అంటుకోదని చంకలో పెట్టుకుని వేడి చేసి, డ్రైవరు వైపు కిటికీకి లోపల రెండో అద్దం అతికించాడు. వెనక కిటికీలకీ అతికించి, నాలుగోది పట్టుకుని ఎర్చిమ్ వైపు నడవబోతే నరియా దారికడ్డం నిలబడింది.

"అటు అక్కర్లేదు."

"అక్కర్లేదా? ఒంటి అద్దం ఏం ఆగుతుందే? ఐదు నిమిషాల్లో వాడి ఊపిరికి లోపలంతా తెల్లగా మంచు పట్టేస్తుంది. అటు నుంచి లారీ వస్తే నీకేం కనిపిస్తుంది?"

"మీరు తలుపు తీస్తే లేస్తాడు. లేస్తే నా గతేం కాను?"

ఆ మాటతో ముసలాయన వెనక్కి తగ్గాడు. ఆ అద్దాన్ని వెనక సీట్లో పడేద్దామని తలుపు తీసి, సీటు మీద పరిచిన దుప్పటి పక్కకి లాగితే కింద మోకు చుట్ట, దాని పక్కన ఇనప గునపం.

"ఇదెందుకు?"

"దారిలో చేపలు పడదామని. మంచు పగలగొట్టడానికి."

"నీ తల పగలగొట్టడానికి! వాడి చేతికి అందేలా గునపం పెట్టుకుని బయల్దేరతావా? పిచ్చిదానా!" గునపం లాగి మంచు కుప్పలోకి విసిరేశాడు.

నరియా పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "మీకు దణ్ణం పెడతాను బాబాయ్, అది లేకుండా నేను వెళ్ళలేను."

"అయితే నా శవం మీంచి తీసుకెళ్ళు."

ఆమె ఏడవలేదు. వెళ్ళి తాళం తిప్పింది. ఇంజన్ దగ్గి, మూలిగి, చివరికి అందుకుంది. పొగ గొట్టంలోంచి తెల్లటి మేఘం లేచింది. ఆయన వచ్చి అప్పటికే అరగంట దాటింది. నరియా దిగి, పొగ గొట్టం చుట్టూ పేరుకున్న మంచు గడ్డల్ని కాలితో తన్నుతోంది.

ఇవాళైనా నోరు విప్పకపోతే తను మనిషే కాదనుకున్నాడు గవ్రీల్. ఎర్చిమ్ వైపు వెళ్ళి, వంగి, వాడి మొహంలో మొహం పెట్టినంత దగ్గరగా నిలబడ్డాడు.

"ఒరేయ్ ఎర్చిమ్, నిద్ర నటించకు. విను. ఈ పిల్ల ఒంటి మీద ఇంకొక్క దెబ్బ పడిందా, నీ పీక కోసి కుక్కలకేస్తాను. నీ అమ్మ కూడా నిన్ను గుర్తుపట్టలేదు. ముసలాడేం చేస్తాడులే అనుకోకు, నా దగ్గర దుప్పుల్ని కోసే కత్తి ఉంది..."

మాట్లాడుతుంటే ఆయన ఊపిరి అద్దం బయట తెల్లటి పొరలా గడ్డకట్టింది. వాడి కళ్ళలోకి చూస్తూ తిట్టాలని దాన్ని చేతి తొడుగుతో తుడిచాడు. లోపలికి చూశాడు. ఇంకోసారి తుడిచి చూశాడు.

తర్వాత మంచు కుప్ప దగ్గరికి నడిచి, గునపం పైకి లాగి, తన చేతులతోనే వెనక సీట్లో పెట్టి, దాని మీద దుప్పటి కప్పాడు.

నరియా ఒంటి కన్నుతో ఆయన్నే చూస్తోంది.

"ఊరి చెరువు దగ్గర ఆగకు తల్లీ," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "అక్కడ రోజంతా జనమే. నది మలుపు దాటాక పాత పడవల రేవుంది. నీళ్ళు లోతు, మంచు పలచన. అక్కడికెవరూ రారు."

"బాబాయ్..."

"పో. దారిలో ఇంజన్ మాత్రం ఆపకు."

కారు మలుపు తిరిగి పొగమంచులో కలిసిపోయేదాకా ముసలాయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

వాడి వైపు అద్దం లోపల ఊపిరి మంచు పట్టలేదు.