కుడికాలి బూటు

“అమ్మా, ఆ బూటు ఒక్కసారి తొడుక్కొని సూస్త.”

దసరానాడు కొంచెం కుంటుతూ గేటు తీసుకుని వచ్చిన ముసలాయన అలా అడిగేసరికి వీరలక్ష్మి పూజ మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూసింది.

అది అలాంటిలాంటి బూటు కాదు. కాలేజీ పెట్టిన కొత్తలో, మొట్టమొదటి ఫుట్‌బాల్ జట్టుకు మొట్టమొదటి గోల్ కొట్టింది ఆమె భర్త సూర్యారావు. కొట్టింది ఈ కుడికాలి బూటుతోనే. ఎడమది ఏమైందని అడిగితే మాత్రం, అంత మాటకారీ మాట మార్చేసేవాడు.

ఆయన పోయాక ఏటా ఆయుధపూజకు ఆయన ఫ్యాక్టరీ పానాల పక్కన దాన్నీ పెట్టి, పసుపు కుంకుమలు అద్ది దండం పెట్టుకుంటోంది. ఎల్లుండి కాలేజీవాళ్లు వచ్చి, అద్దాల పెట్టెలో అందరికీ చూపించడానికి పట్టుకెళతారు; ఆ సంగతి పేపర్లో కూడా పడింది.

“పూజలో ఉన్నదాంట్లో కాలు పెడతానంటావేంటయ్యా?” అంది, కోపం దాచుకోకుండానే.

“అద్దాల పెట్టెలకు పోతే ఇగ తొడగనియ్యరు గదమ్మా.”

ఆయన పేరు ఐలన్నట, ఊరు ఇంద్రేశమట. సూర్యన్నతో కలిసి ఆడాడట. కలిమికి చుట్టాలెక్కువ అన్నట్టు, పేపర్లో పడ్డాక కలిసి ఆడినవాళ్లూ ఎక్కువయ్యారు అనుకుంది వీరలక్ష్మి. కుదరదంది.

ఐలన్న ఆమె పెట్టిన పులిహోర గుమ్మంలోనే కూర్చుని తిని, బూటు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

దీపావళి దాటాక ఓ సాయంత్రం, పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ డ్యూటీ దిగి ఒకామె వచ్చింది. పేరు పుష్ప అని, ఐలన్న బిడ్డనని చెప్పింది. నాయిన పోయాడని, దినాలు కూడా అయిపోయాయని చెప్పి, కవర్లోంచి ఎడమకాలి బూటు తీసింది.

“జత దగ్గర పెట్టుమన్నడు.”

“ఇది మీ నాన్న దగ్గరికెలా వచ్చిందమ్మా?”

“జట్టుల బూట్లున్నది మా నాయినకొక్కనికేనట. మా తాత పొట్టేలు అమ్మి కొనిచ్చిండు. సూర్యారావు సారు కుడికాలుతోని మంచిగ కొడ్తడని, కుడిది తీసి సారుకిచ్చి తను ఉత్తకాలుతోని ఆడిండు. ఎవరో తొక్కితే బొటనేలు పోయింది. సారు బూటు మర్లియ్యనీకి వస్తే, ‘నాకిగ దేనికి అన్నా, నువ్వే ఆడు’ అన్నడట మా నాయిన.”

కుడి బూటు అప్పటికే కాలేజీలో, అద్దాల పెట్టెలో, సూర్యారావు పేరుతో ఉంది.

వీరలక్ష్మి ఎడమ బూటును రెండు చేతులా అందుకుంది. ఇన్నేళ్లూ తాను బొట్టు పెట్టి మొక్కిన బూటు, తన గుమ్మంలో కూర్చుని పులిహోర తిని వెళ్లిన ఆ మనిషిది.