ఈ వయసులో నాజూకా?

“ఈ వయసులో ఎవరికి చూపించడానికండీ ఈ నాజూకు?”

నిమ్మరసం, తేనె కలిపిన గ్లాసు భర్త చేతిలోంచి లాక్కుంది టైలరమ్మ.

బస్సు డ్రైవరైన ఆ భర్త తల గీరుకున్నాడు. “ఒళ్ళు కాస్త తేలికవుతుందని...”

ఆయన ప్రయత్నించని చిట్కా లేదు. పరగడుపున పచ్చి వెల్లుల్లి నమిలాడు. పక్కన కూర్చునేవాళ్ళు జరిగిపోయారు గానీ పొట్ట జరగలేదు. చెమట పట్టించే బెల్టు కట్టుకుని రోజంతా బస్సు నడిపి, నడుం చుట్టూ పొక్కులు తెచ్చుకున్నాడు. బరువు తూచే మిషన్ మీద ముల్లు మాత్రం మొండికేసి అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం ఆవిడ తమ్ముడు వచ్చాడు. కుట్టుమిషన్ ఆపి మరీ పంచాయితీ పెట్టింది.

“చూడరా మీ బావ వరస. నువ్వేమో పుల్లలా చిక్కిపోయావు. ఉన్న ఒళ్ళు కరిగించుకోవాలని ఈయనకి సరదా.”

తమ్ముడు నవ్వేశాడు. “చిట్కాలకి కొవ్వు కరగదు బావా. తిండి తగ్గించు, నాలుగడుగులు నడువు.”

“నువ్వూ ఆయన వైపేనా?” అని మూతి ముడుచుకుంది ఆవిడ.

బామ్మర్ది మాట ఆయనకి బాగా పట్టింది. వెల్లుల్లి, బెల్టు మూల పడ్డాయి. రెండోసారి వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. డిపోకి నడిచే వెళ్ళేవాడు. నెలలు గడిచేకొద్దీ నిజంగానే నడుం తగ్గింది. ఆయన ప్యాంట్లన్నీ కుట్లు విప్పి, లోపలికి పట్టి కుట్టింది ఆవిడే. కుట్టిన ప్రతిసారీ సూదికంటే ముందు అనుమానం గుచ్చుకునేది.

ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మోగింది. ఆవిడ ఎత్తి ‘హలో’ అనేలోపే ఓ ఆడగొంతు ముద్దుగా పలికింది. “ఎంతవరకు తగ్గారండీ? ఇక్కడ మీ కోసమే ఎదురుచూస్తున్నాం.”

ఆవిడ ఫోను పెట్టేసి, స్నానాలగది తలుపు ముందు నిలబడింది. తువ్వాలుతో బయటికొచ్చిన భర్తకి దారివ్వలేదు.

“ఎవరావిడ?”

ఆయన ముఖం పాలిపోయింది. “ఆస్పత్రిలో నర్సు.”

“నర్సుకి మీ నడుంతో ఏం పని?”

ఆయన తడి చేత్తోనే ఆవిడ భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

“నీకు చెప్పనని మాటిచ్చానే... నేను సన్నబడితే గానీ నా కిడ్నీ తీసి మీ తమ్ముడికి పెట్టలేమన్నారు.”