ఎడమవైపు ఖాళీ

ఇరవై అయిదు పేర్లు ఖాయమయ్యాయి. ఇరవై ఆరో పేరు దగ్గర బండి ఆగిపోయింది.

ఫుట్‌బాల్ సమాఖ్య ఆఫీసు మేడ మీద, పొడుగాటి బల్ల చుట్టూ పెద్దలు నలుగురు కూర్చున్నారు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. బల్ల చివర, తలుపు తీసినప్పుడల్లా వీపుకి తగిలే కుర్చీలో కోచ్. అంతర్జాతీయ టోర్నమెంటు నిర్వాహకులు ఒక్కో దేశం నుంచి ఇరవై ఆరుగురిని రమ్మన్నారు. రానుపోను టిక్కెట్లు, హోటలు, భోజనం అన్నీ వాళ్ళ ఖర్చే. సాయంత్రంలోగా పేర్లు పంపాలి.

కోచ్‌కి కావలసింది ఒకే ఒక్కడు. ఎడమవైపు కాపు కాసే డిఫెండర్. జట్టంతా వాణ్ణి గోడ అని పిలుస్తారు. వాణ్ణి దాటి బంతి పోవడం కోచ్ ఎప్పుడోగానీ చూడలేదు. మిగతావాళ్ళ పేర్లకి అడ్డం పడితే ఎక్కడ గోడకి ఎసరు పెడతారోనని, పొద్దుటి నుంచీ నోరు నొక్కుకుని కూర్చున్నాడు.

పొద్దున ముందుగా నలుగురూ తమ పేర్లే రాసుకున్నారు. ఆ తర్వాత కార్యదర్శి తన బావమరిది పేరు చెప్పాడు. ఆ మహానుభావుడు ఇంతకుముందు రెండు టోర్నమెంట్లకి వెళ్ళొచ్చాడు. రెండింటిలోనూ బంతిని కాలితో తాకిన పాపాన పోలేదు. అనుభవం ఉన్నవాడు, ఉండాల్సిందే అన్నారందరూ. కోశాధికారి అల్లుడికి పెళ్ళయ్యాక ఒళ్ళొచ్చి, ఈ మేడ మెట్లు ఎక్కడానికే ఆయాసం. కాస్త బయటి గాలి తగిలితే అదే తగ్గుతుందన్నారు. ఉపాధ్యక్షుడి తమ్ముడి కొడుక్కి మోకాలు నొప్పి. దానికి వైద్యం అక్కడ బాగుంటుందట. కోచ్ అన్నిటికీ తలూపాడు. ఊపీ ఊపీ మెడ పట్టేసింది.

చివరికి గోడ పేరెత్తాడు. సరిగ్గా అప్పుడే అధ్యక్షుడికి తన తోడల్లుడు గుర్తొచ్చాడు.

“మావాడు కాలేజీ రోజుల్లో బ్రహ్మాండంగా ఆడేవాడయ్యా” అన్నాడు.

“కావచ్చు సార్. కానీ గోడ లేకపోతే ఎడమవైపు ఖాళీ అయిపోతుంది.”

“ఖాళీ ఏమిటి? ఉన్నవాళ్ళు కాస్త అటూ ఇటూ జరిగి సర్దుకుంటారు.”

“క్రితంసారి అలా సర్దుకునే ఏడు గోల్స్ తిన్నాం సార్. ఏడూ అటునుంచే.”

ఆటలో గెలుపోటములు సహజమని ఉపాధ్యక్షుడు బిస్కెట్టు టీలో ముంచుతూ సెలవిచ్చాడు.

కోచ్‌కి ఒళ్ళు మండింది. క్రితంసారి గోడ సంచీ సర్దుకుని, చుట్టుపక్కల అందరికీ చెప్పుకుని వచ్చాక, ఆఖరి నిమిషంలో వాడి పేరు ఎగిరిపోయింది. తిరిగి ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక, వాడు ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని డ్రెస్సింగ్ రూములోనే కూర్చుండిపోయాడు. ఈ నలుగురినీ బతిమాలాలంటే సిగ్గేసింది. అయినా బతిమాలాడు.

ఇంతలో అధ్యక్షుడి ఫోను మోగింది. అవతల ఆయన భార్య. ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా ఆవిడ గొంతు గదంతా వినబడింది. అక్కకి మాట ఇచ్చేసిందట. బావగారు కొత్త బూట్లు కూడా కొనేశారట. ఇప్పుడు కాదంటే పుట్టింట్లో తలెత్తుకోలేదట. పత్రికలవాళ్ళ ముందు పులిలా గాండ్రించే అధ్యక్షుడు, “అలాగే, అలాగేనే” అని ఫోను పెట్టేసి పెన్ను తీశాడు.

గోడ పని అయిపోయిందనుకున్నాడు కోచ్. అప్పుడు తెగించి ఒక మాట అడిగాడు.

“సార్, ఈసారీ ఓడిపోతే పత్రికలవాళ్ళు ఎవర్ని తిడతారు?”

పెన్ను ఆగింది.

“గోల్స్ ఎలాగూ ఎడమవైపు నుంచే పడతాయి. అక్కడ గోడ ఉంటే, అంతా వాడివల్లే అని మీరు చెప్పుకోవచ్చు. వాడే లేడనుకోండి…” అని కోచ్ నలుగురి వంకా వరసగా చూశాడు.

కోశాధికారి నమలడం ఆపేశాడు. దేశానికి ఇంత పనికొచ్చే ఆలోచన తనకి తట్టనందుకు కార్యదర్శి నొచ్చుకున్నాడు. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

“నిజమే. బాధ్యత నెత్తినేసుకునేవాడు ఒకడుండాలి” అన్నాడు గంభీరంగా.

గోడ పేరు ఏకగ్రీవంగా ఖాయమైంది. అధ్యక్షుడు కిటికీ దగ్గరికి పోయి, గొంతు తగ్గించి ఇంటికి ఫోను చేశాడు. వచ్చే టోర్నమెంటుకి మీ బావ పేరే మొట్టమొదట రాయిస్తానని ఒట్టేశాడు. ఆ ఒట్టు సగంలో ఉండగానే అవతల ఫోను పెట్టేశారు.

కోచ్ మెట్లు గబగబా దిగాడు. సంతోషంగానే ఉంది. ఓటమి ఇంకా రాకముందే దానికి గోడని తాకట్టు పెట్టేసినందుకు లోపల ఓ మూల గుచ్చుకుంటూనూ ఉంది. మైదానం గట్టున ఆటగాళ్ళు ఎండలో కూర్చుని ఎదురుచూస్తున్నారు. గోడ అందరికీ వెనకాల, తల వంచుకుని, ఎవరి వంకా చూడకుండా గడ్డి పీకుతున్నాడు.

“ఊపిరి పీల్చుకోండర్రా, పదిహేను చోట్లు పెద్దలకీ వాళ్ళ చుట్టాలకీ పోయినా, క్రితంసారిలా పదిమందితో కాకుండా ఈసారి మనం పదకొండుమందితో దిగుతున్నాం” అన్నాడు కోచ్.