తోక వంకర పిచ్చుక

"ఒరే తిబో, మూడో పీపా మాట్లాడటం లేదురా. నాకు భయంగా ఉంది."

"నీకు భయం లేని రోజేదమ్మా?" అన్నాడు కొడుకు, రొట్టె మీద మేకపాల జున్ను రాసుకుంటూ.

అన్నాడే గానీ అతనికీ లోపల గుబులుగానే ఉంది.

నవంబరు దాకా ఆ పీపాలో తెల్లద్రాక్ష రసం గుసగుసలాడుతూ పొంగింది. చలి ముదిరాక ఆగిపోయింది. మే నెల వచ్చినా ఉలుకూ పలుకూ లేదు. ఇలాగే ఉంటే వైన్ కాకుండానే పాడైపోతుంది.

"పోయినేడు పంట మంచుకు పోయింది. ఇదీ చెడిందంటే ఆ పాత తీగలు పీకించేస్తానమ్మా."

"మీ నాన్న నాటినవిరా అవి! తీగలకి పురుగుమందులు కొట్టడం మానేసిన కొత్తలో ఐదేళ్లు వరసగా ఆయన వైన్ పులిసి చెడింది. పీకాడా?"

"ఆయనకా పట్నం వ్యాపారి ఉన్నాడుగా! చెడిందంతా ఏటా బండి పంపి, డబ్బిచ్చి, పీపాలతో సహా పట్టుకుపోయేవాడు. నాకెవరున్నారు?"

ఆ వ్యాపారిని తల్లి ఒడీల్ గానీ, పోయిన భర్త రెమీ గానీ ఎన్నడూ చూడలేదు. బండి మాత్రమే వచ్చేది.

ఆ మంగళవారం పొద్దున ఒక ముసలాయన వచ్చాడు. ఉన్ని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సీసా అడగలేదు. పీపాలు చూస్తానన్నాడు.

కొండరాయి తొలిచిన ఆ చల్లటి గదిలోకి తీసుకెళ్లి, ఆమె గ్లాసు కోసం వెళ్లి తిరిగి వచ్చేసరికి అతను మూడో పీపాకి చెవి ఆనించి ఉన్నాడు. పీపా మూత మీద రెమీ చాకుతో చెక్కిన పిచ్చుక ఉంటుంది, తోక వంకరది. దాన్ని బొటనవేలితో నిమురుతున్నాడు. తర్వాత వేలు మడిచి మూడుసార్లు కొట్టాడు.

టక్. టక్. టక్.

"ఏం చేస్తున్నావయ్యా?"

"పలకరిస్తున్నానమ్మా."

"పలకరించడానికి అదేమన్నా మీ వియ్యంకుడా?"

అతను నవ్వాడు. "నిద్రపోయింది తల్లీ, చావలేదు. పొంగించడానికి ఈస్ట్ పొడి మాత్రం వెయ్యకండి. బయట తీగ పూతకొచ్చే వేళకి దీనికీ మెలకువొస్తుంది. అందాకా ఎవరో ఒకరు రోజూ వచ్చి..."

అప్పుడు తగిలింది ఆమె ముక్కుకి, అతని కోటులోంచి. వెనిగర్ వాసన.

వెనిగర్ చేసేవాణ్ణి ఆ ఊళ్లలో ఎవరూ వైన్ గదిలో అడుగు పెట్టనివ్వరు. వాడి గాలి సోకినా పీపాలో వైన్ పులిసిపోతుందని భయం.

"నువ్వు వెనిగర్ చేస్తావా?"

"చేస్తానమ్మా. ఏటి అవతల ఆఖరిల్లు..."

"బయటికి నడు! విషం పట్టుకొచ్చి పసిబిడ్డ ఉయ్యాల దగ్గర నిలబడతావా? సిగ్గులేదూ?"

అతను గడప దగ్గర ఆగి, ఒకసారి పీపా వైపు చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె మరిగే నీళ్లతో నేల రెండుసార్లు కడిగింది. వాసన పోయింది. చప్పుడు పోలేదు.

బంగాళదుంపలు తరుగుతుంటే టక్, టక్, టక్. చర్చిలో కళ్లు మూసుకుంటే టక్, టక్, టక్. పరుగున వెళ్లి గది తలుపు తీసేది.

"ఎవరదీ?"

పీపాలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

జూన్‌లో తీగలు పూతకొచ్చాయి. మూడో పీపా మాత్రం మూగగానే ఉంది. తిబో ఈస్ట్ పొట్లం తెచ్చాడు.

"నాన్న ఒప్పుకునేవాడు కాదు. కానీ ఇంక ఆగలేనమ్మా."

"ఒక్క పూట ఆగరా," అని ఆమె ఏటి మీది వంతెన దాటింది.

ఆఖరిల్లు. నల్ల బట్టల్లో ఉన్న ముసలావిడ తలుపు తీసింది.

"మా అన్న కోసమా? పోయి పదిహేను రోజులైందమ్మా."

ఎలా పోయాడని ఒడీల్ అడిగింది.

"ఆఖరి మూడు రోజులూ మాట లేదు," అంది ఆవిడ. "మంచం పట్టె మీద వేలితో కొడుతూనే ఉన్నాడు, మూడేసిసార్లు. ఎవర్ని పిలిచాడో ఏమో!"

పెరట్లో కొట్టం తలుపు తెరిచే ఉంది. ఆ వాసనే. లోపల పాత పీపాలు వరసగా ఉన్నాయి. ఒక్కదాని మీదా దుమ్ము లేదు. ప్రతి మూత మీదా ఒక పిచ్చుక, తోక వంకరది.

"ఇవి... ఇవి అమ్మలేదా?"

"ఒక్కటీ అమ్మలేదు. లోపల వైన్ వెనిగర్‌గా మారిపోయినా ఉంచుకున్నాడు. రోజూ తుడిచేవాడు. 'ఆ పాత తీగలు బతకాలి' అనేవాడు."

ఇంటికొచ్చేసరికి తిబో పొట్లం చేత్తో పట్టుకుని గది గుమ్మంలో ఉన్నాడు. ఉలిక్కిపడి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, ఆగక్కడే! ఒంటి నిండా వెనిగర్ వాసన! లోపలికి రాకు!"

"ఇది పరాయి వాసన కాదురా. మీ నాన్న పాడుచేసిన ఐదేళ్ల వైన్ వాసన. నేను మెడపట్టి గెంటినంత పని చేశానే, ఆ వెనిగర్ ముసలాయనేరా ఆ బండి పంపింది, పట్నం వ్యాపారి కాదు."

తిబో చెయ్యి దానంతటదే కిందికి జారింది.

ఆమె మూడో పీపా దగ్గరికెళ్లి పిచ్చుకని నిమిరింది. వేలు మడిచి మూడుసార్లు కొట్టింది.

"ఆయన ఇంక రాడు," అంది పీపాతో. "నేనొచ్చాను."

పైకప్పు రాతిలోంచి చెమ్మ ఒక్కో చుక్కా రాలుతోంది. తల్లీ కొడుకూ చెరో వైపునా చెవులు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

నవంబరు నుంచి నోరు విప్పని పీపా లోపల్నుంచి, మెల్లగా, "బుడుక్" మంది.