వెండెల్ కెప్టెన్ తొలి షికారు

“ఆ తాళంచెవి జోలికి వెళ్ళావంటే చేతులు విరిచేస్తా!” అంది మార్లిస్.

వెండెల్ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పడవల ప్రదర్శనలో మోజుపడి కొత్త పడవ కొని వారం కూడా కాలేదు, అప్పుడే పెళ్ళాం చేత చీవాట్లు మొదలు.

“కెప్టెన్ని పట్టుకుని అలా అరుస్తారా ఎవరైనా? ఇంజను ఎలా మోగుతుందో ఒక్కసారి...”

“ఏం మోగక్కర్లేదు. పొగకి అమ్మకి ఆయాసం వస్తుంది. నోరుమూసుకుని స్టీరింగు పట్టుకో.”

“అవునల్లుడూ,” అంది వెనక సీట్లోంచి థోరా. “చప్పుడు చేస్తే చేపలు బెదిరిపోతాయి.”

మార్లిస్ తల్లి థోరాకి ఎనభై ఆరేళ్ళు. పూల చొక్కా, గడ్డి టోపీ, నల్ల కళ్ళజోడు, ముక్కు మీద ఎండ తగలకుండా తెల్లటి క్రీము. కొత్త సీటు మీద కాళ్ళు బారజాపుకుని మహారాణిలా కూర్చుంది.

సోమవారం ఆవిడ గుండెకి ఆపరేషన్. ఆ వయసులో ఏదైనా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పేశాడు. అది విన్న రోజు నుంచీ ఆవిడ ఒకటే మొండిపట్టు. అల్లుడి కొత్త పడవ ఎక్కకుండా ఆసుపత్రి మెట్టెక్కనంది. కొన్నాళ్ళు ఆగుదామమ్మా అని మార్లిస్ బతిమాలింది. “అప్పటిదాకా నేనుండొద్దూ?” అంది థోరా.

అందుకే ఈ షికారు. ఇది గనక ఆవిడకి నచ్చకపోతే సోమవారం ప్రయాణం లేనట్టే. వెండెల్‌కి అదే బెంగ. అయినా లోపల్లోపల చిన్నపిల్లాడిలా సంబరంగానూ ఉంది, ఎంతైనా సొంత పడవ కదా.

స్టీరింగు ఎడమకి తిప్పాడు. ఎదురుగాలి రివ్వున కొట్టింది. థోరా టోపీ పట్టుకుని కిలకిలా నవ్వింది.

“అబ్బ, అబ్బ! ఏం గాలే!”

“మరీ ఎదురుగా కూర్చోకమ్మా, జలుబు చేస్తుంది,” అంది మార్లిస్.

“చేస్తే చెయ్యనీవే. ఇన్నాళ్ళూ జాగ్రత్తపడింది చాలదా?”

వెండెల్ ఉత్సాహం పట్టలేక ఒక మీట నొక్కాడు. భోంయ్ మని హారన్ మోగింది. మార్లిస్ ఎగిరిపడింది, చేతిలో నిమ్మరసం సగం ఒలికింది. ఇంకోటి నొక్కాడు, కాళ్ళ దగ్గర నీలం దీపాలు వెలిగాయి. మూడోదానికి పాట అందుకుంది. దేనికి ఏ మీటో అతనికి ఇంకా పట్టుబడలేదు.

“అత్తయ్యా, లోతు చూపించే తెర ఉందే, ఇది మాత్రం ఒట్టి గీతలే చూపిస్తోంది.”

“పోన్లే, మునిగే భయం లేదన్నమాట!”

ముగ్గురూ పగలబడి నవ్వారు. అంతలో థోరా లేచి నిలబడి, పడవ అంచు కమ్మీ పట్టుకుని చెయ్యి ఊపడం మొదలుపెట్టింది.

“ఎవరికత్తయ్యా?”

“ఎవరికైతేనేం? మిన్నెసోటాలోనే పుట్టావా నువ్వసలు? పడవెక్కినవాడు చెయ్యి ఊపాలి. అది మర్యాద.”

దాంతో వెండెల్ కూడా ఊపాడు. మార్లిస్ మూతి తిప్పుకుంది గానీ కాసేపటికి ఆవిడా ఊపింది.

గుడ్డు సాండ్‌విచ్‌లు తిన్నాక థోరా గాలం అడిగింది. వెండెల్ కమ్మీ మీదుగా గాలం దించి కర్ర ఆవిడ చేతికిచ్చాడు. చల్లటి సోడాలు తెస్తానంటూ మార్లిస్ వెనక్కి వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళిందో లేదో తాడు గుంజింది.

“పడింది! అల్లుడూ, పడిందిరా!”

“లాగండత్తయ్యా! వదలొద్దు!”

థోరా పళ్ళు బిగించి గాలం చక్రం తిప్పింది. మూరెడు వాలై చేప పైకొచ్చి, పడవలో టక్కుమని పడింది. చెక్కముక్కలా బిగుసుకుపోయి ఉంది. తోకైనా కదపలేదు. థోరా కళ్ళజోడు పైకి నెట్టి, వంగి దాన్ని గోటితో తట్టి చూసింది.

“ఇది పోయినేడు నేను పట్టిందే. మన డీప్ ఫ్రీజర్లోది. దీన్ని నా చేత రెండోసారి పట్టించారా?”

ఈ చేప ఎత్తు వెండెల్‌దే, మార్లిస్ వద్దంటూనే వెళ్ళి దాన్ని గాలానికి తగిలించింది. అంతా చెడగొట్టుకున్నానని తనని తాను తిట్టుకున్నాడు.

థోరా ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ సీటులో కూలబడి ఛాతీ పట్టుకుంది.

“అమ్మా! గుండె!” మార్లిస్ కెవ్వుమంది.

“గుండెకేమయిందే? అదీ నవ్వుతోంది!”

నవ్వు ఆగడానికి చాలాసేపే పట్టింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. చేపని ఒళ్ళో పెట్టుకుని, స్టీరింగు ముందు దొంగలా నిలబడిన అల్లుణ్ణి చూసింది.

“సరే. సోమవారం పొద్దున్నే బయల్దేరదాం.”

“నిజంగానా అత్తయ్యా?”

“నిజంగానే. నువ్వు నడిపే తీరు నాకు నచ్చింది. కొత్త పడవకి ఒక్క గీత పడనివ్వలేదు. ఇంకోసారి ఎక్కాలంటే నేను బతికి రావాలి కదా మరి.”

మార్లిస్ తల్లిని వాటేసుకుని ఏడ్చేసింది. వెండెల్ ఏం చెయ్యాలో తోచక మళ్ళీ హారన్ కొట్టాడు.

“అయితే ఒక షరతు కెప్టెన్,” అంది థోరా.

“ఏదైనా సరే, చెప్పండత్తయ్యా.”

“ఫ్యాను గాలితో సరిపెట్టకుండా, సరస్సు మీద మంచు కరిగాక ఈ పడవని గరాజులోంచి తీసి నీళ్ళలో దించాలి.”