సెరీనా సాక్ష్యం

“పొట్టకు ఎప్పుడైనా ఆపరేషన్ జరిగిందా?” డాక్టర్ రఘురామ్ రెండోసారి అడిగాడు.

“లేదు సార్,” అంది సెరీనా, కట్టు కట్టిన చేతి వైపు చూసుకుంటూ.

మంచానికి అటువైపు అత్త అమృతమ్మ, ఇటువైపు పాస్టరు భార్య ఇవాంజెలిన్ నిలబడి ఉన్నారు. నిజం చెప్పడానికి ఇంతకన్నా పాడు చోటు పంజగుట్ట మొత్తం వెతికినా దొరకదు.

డాక్టర్ వదల్లేదు. అమీర్‌పేట మెట్రో మెట్ల మీద కాలు జారి చెయ్యి ఆనిస్తేనే మణికట్టు విరగడం ఈ వయసు మనిషికి జరగాల్సింది కాదన్నాడు. ఎముకలు గుల్లబారినట్టు పరీక్షలో తేలిందన్నాడు.

“ఎముక గట్టిపడటానికి ఒక బిళ్ళ రాద్దామనుకుంటున్నాను. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మాత్రం అది పడదు, కడుపులో పుండు చేయొచ్చు. అందుకే ఇన్నిసార్లు అడుగుతున్నా.”

“మా కోడలికి గసొంటియేం లేవు సార్,” అమృతమ్మ కాస్త గర్వంగానే అంది. “ఉపాసముండి, ప్రార్థన చేసి తగ్గింది. చర్చిల సాక్ష్యం సుత చెప్పింది.”

సాయంత్రం వచ్చి మందు రాస్తానని చెప్పి డాక్టర్ వెళ్లిపోయాడు.

పాపం, ఆ అబద్ధం సెరీనా అల్లింది కాదు. ఆఫీసు ట్రైనింగని ఇంట్లో చెప్పి, భర్త నేతన్‌కు తప్ప ఎవరికీ తెలియకుండా బంజారా హిల్స్‌లో ఆపరేషన్ చేయించుకుంది. మనిషి సన్నబడుతుంటే చర్చిలో ఆడవాళ్లు చుట్టుముట్టారు. ఆమె నోరు తెరిచేలోపే అత్త ‘ప్రార్థన ఫలం’ అనేసింది. ఆ ఆదివారమే చేతికి మైకు వచ్చింది. దేవుడే తగ్గించాడని అంతమంది ముందు చెప్పాక, ఆపరేషన్ చేసినవాళ్లు జీవితాంతం వేసుకోమన్న కాల్షియం బిళ్ళలు అత్త కళ్లముందు ఎలా మింగుతుంది? మానేసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే కడుపుకు ముప్పు, తెరిస్తే ఇంట్లో, చర్చిలో పరువు గంగపాలు.

పాస్టరమ్మ కొబ్బరినీళ్లు తెమ్మని అమృతమ్మను కిందికి పంపి, ప్రార్థన చేద్దామని తలుపు వేసింది. ఆవిడ కళ్లు మూసుకోగానే సెరీనా ఇక ఆపుకోలేకపోయింది.

“పాస్టరమ్మా, నేను ప్రార్థనతోని తగ్గలేదు. ఆపరేషన్ చేయించుకున్న. అబద్ధపు సాక్ష్యం చెప్పిన. ఎవరికన్న తెలుస్తదని కాల్షియం బిళ్ళలు సుత మానేసిన.”

ఇవాంజెలిన్ కళ్లు తెరిచింది. ఆ చర్చిలో ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టిందే ఆవిడ. వచ్చే ఆదివారం తనను అందరి ముందూ నిలబెడుతుంది, అత్త ఇక ముఖం చూడదు అనుకునేసరికి సెరీనాకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఆగలేదు. డాక్టర్‌కు నిజం చెప్పేస్తానంది. చర్చిలో కూడా చెప్పేస్తానంది, ఎవరేమనుకున్నా సరేనంది.

పాస్టరమ్మ వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చి, మంచం అంచున కూర్చుంది. సెరీనా మంచి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“సాయంత్రం డాక్టర్ గారికి నా సంగతి కూడా నువ్వే చెప్పమ్మా,” అంది గొంతు తగ్గించి. “నా ఆపరేషన్ అయి ఏడేళ్లయింది. నేనూ ఆ కాల్షియం బిళ్ళలు ఎప్పుడో మానేశాను.”